ఇంటర్నెట్‌కి మ్యాప్ గీయడం ఎలా? | వేసవి క్లాసు, మొదటి పాఠం

[తెర మీద: నాలుగు గుండ్రాలు, వాటిని కలుపుతూ నాలుగు గీతలు]

ఇది ఒకప్పుడు మొత్తం నెట్‌వర్క్. 1969 డిసెంబరు నాటి ఆర్పానెట్, అంటే ఇప్పటి ఇంటర్నెట్‌కి తొలి రూపం. లాస్ ఏంజెలెస్‌లో ఒక చోటు, శాంటా బార్బరాలో ఒకటి, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, యూటా యూనివర్సిటీ. అంతే! చిన్న కాగితం మీద పట్టేసింది.

ఆ తర్వాత నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలుస్తూ పోయాయి. ఎవరో ఒకరు పైన కూర్చుని ప్లాన్ వేసి కట్టింది కాదు కాబట్టి, మొత్తం ఎలా ఉందో చూపించే పటం ఎవరి దగ్గరా లేదు. మ్యాప్ కావాలంటే లోపలికి దిగి దారులు వెతుక్కోవాల్సిందే. ఈ వేసవిలో మనం చేయబోయేది అదే.

[తెర మీద: కమాండ్ విండోలో ఒక్కో లైనూ పడుతూ ఉంటుంది]

దీనికి ట్రేస్‌రూట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. 1980ల చివర్లో వాన్ జాకబ్సన్ రాశారు. అందులోని ఉపాయం నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. నెట్‌లో సమాచారం చిన్న ముక్కలుగా వెళ్తుంది, వాటినే ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా ఒక అంకె ఉంటుంది. దారిలో తగిలే ప్రతి రూటరూ, అంటే ప్యాకెట్లని ముందుకి పంపే యంత్రం, అందులోంచి ఒకటి తగ్గిస్తుంది. అంకె సున్నా అయితే ఆ రూటర్ ప్యాకెట్‌ని పారేసి, ‘మీ ప్యాకెట్ నా దగ్గర ఆగిపోయింది’ అని పంపినవారికి కబురు పెడుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూ ఉండకుండా పెట్టిన ఏర్పాటు ఇది. ట్రేస్‌రూట్ దీన్నే వాడుకుంటుంది. ముందు 1 అంకెతో పంపుతుంది, మొదటి రూటర్ బయటపడుతుంది. తర్వాత 2, తర్వాత 3. అలా దారంతా తెలిసిపోతుంది.

1998లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో బిల్ చెస్విక్, హాల్ బర్చ్ ఇదే పద్ధతిలో నెట్‌వర్క్‌లన్నిటికీ ప్యాకెట్లు పంపి, దొరికిన దారుల్ని రంగురంగుల కొమ్మల్లా గీశారు. చాలా అందమైన బొమ్మలు. కానీ ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అవి ప్యాకెట్లు బయల్దేరిన చోటి నుంచి కనిపించిన ఇంటర్నెట్. ఇంకో ఊరి నుంచి మొదలుపెడితే కొమ్మలు మారిపోతాయి.

ట్రేస్‌రూట్ చూపించే ఈ లైన్ల పక్కన, కబురు తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కూడా ఉంటుంది, చూడండి. ఒక రూటర్ నుంచి తర్వాతి రూటర్‌కి ఆ సంఖ్య ఒక్కసారిగా వంద పెరిగి, ఆ తర్వాత కూడా తగ్గలేదనుకోండి, బహుశా మధ్యలో సముద్రం దాటి ఉంటుంది. గాజు తీగలో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పదివేల కిలోమీటర్ల కేబుల్‌లో వెళ్లి రావడానికి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది మరి.

[తెర మీద: ఒక కోలన్, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్]

అయితే ఇవన్నీ తీగల మ్యాపులు. రెండో రకం కూడా ఉంది: మనుషుల మధ్య సంగతులు తిరిగే దారుల మ్యాపు. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఆన్‌లైన్ బులెటిన్ బోర్డులో, జోకుల్ని గుర్తుపట్టడానికి ఈ నవ్వు మొహం గుర్తు :-) వాడదామని స్కాట్ ఫాల్మన్ సూచించారు. అది చేతులు మారుతూ వేరే యూనివర్సిటీలకీ పాకింది. ఆ ప్రయాణం ఏ ట్రేస్‌రూట్‌లోనూ కనబడదు. ఒకరికి నచ్చి ఇంకొకరికి పంపడమే దాని దారి.

నన్నడిగితే ఈ రెండో రకం మ్యాపులే ఎక్కువ విలువైనవి, ఎందుకంటే ఇవి చెరిగిపోతాయి. 1990ల్లో జియోసిటీస్ అనే వెబ్‌సైట్‌లో జనం సొంత పేజీలు కట్టుకునేవారు. అక్కడ పేటలు ఉండేవి: సినిమాలవాళ్లకి హాలీవుడ్, సైన్స్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్లకి ఏరియా 51. పేజీకి ఇంటి నంబరు కూడా ఉండేది. 2009లో యాహూ దాన్ని మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం పరుగున వెళ్లి చాలావరకు కాపీ చేసుకోబట్టి, ఆ పేటల్లో ఎవరు ఏం రాసుకున్నారో ఇవాళ చూడగలుగుతున్నాం.

[తెర మీద: హోంవర్క్]

క్లాసుకి వచ్చేముందు రెండు పనులు చేయండి. మీరు రోజూ చూసే ఒక సైట్‌కి ట్రేస్‌రూట్ నడిపి, ఆ దారి గీయండి. విండోస్‌లో అయితే కమాండ్ పేరు ట్రేసర్ట్ (tracert). ఇంకో కాగితం మీద మీరు తిరిగే గ్రూపులు, గేములు, చానళ్లు గీసి, ఒక మీమ్ మీదాకా ఎటు నుంచి వచ్చిందో బాణాలు పెట్టండి. మనుషుల పేర్లు మాత్రం రాయొద్దు. ట్రేస్‌రూట్‌లో నక్షత్రం గుర్తులు (*) వస్తే టెన్షన్ పడకండి, చాలా రూటర్లను జవాబివ్వకుండా సెట్ చేసి ఉంచుతారు. అక్కడ ఖాళీ వదిలేసి, తర్వాతి లైన్ నుంచి గీయండి.