పాత దాగలి: విలువంతా పైనున్న ఆ అర అంగుళంలోనే

[స్క్రీన్ నల్లగా. శబ్దం మాత్రమే: టింగ్, టింగ్, టింగ్. కాస్త ఆగి: థప్.]

ఇప్పుడు విన్నవి రెండు దాగళ్లు, అంటే కమ్మరి కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మలు. రెండింటి మీదా ఒకే ఉక్కు గోలీ వదిలాను. మొదటిదాని మీద ఎగిరి ఎగిరి ఆగింది. రెండోదాని మీద పడ్డచోటే చతికిలబడింది. చూడ్డానికి రెండోదే బాగుంది, నున్నగా, నల్ల పెయింటుతో. డబ్బు పెట్టాల్సింది మాత్రం తుప్పు పట్టిన మొదటిదానికి.

[పక్కనుంచి దాగలి. వేలితో ఒక్కో భాగం.]

ఇది కొమ్ము. ఇది నడుము. ఇవి పాదాలు. పైన ఈ చదునే అసలు సంగతి. పాత దాగళ్లలో చాలావాటికి ఒళ్లంతా మెత్తటి చేత ఇనుము, పైన మాత్రం సుమారు అర అంగుళం మందాన గట్టి ఉక్కు పలక. బాగా కాల్చి, కొట్టి అతికించింది. సమ్మెట దెబ్బ తిని తిరిగి పైకి నెట్టేది ఆ పలకే. అది పోతే మిగిలేది బరువైన ఇనుప దిమ్మ.

[దగ్గరగా: ఒక అంగుళం బేరింగు గోలీ, పక్కన నిలబెట్టిన స్కేలు.]

పరీక్ష తేలిక. అంగుళం గోలీని పది అంగుళాల ఎత్తు నుంచి వదలండి, విసరొద్దు. ఎన్ని అంగుళాలు తిరిగి లేచిందో చూడండి. ఏడెనిమిది లేస్తే మంచిదే, తొమ్మిదైతే బంగారం. మూడు దగ్గరే ఆగిపోతే అది వట్టి పోత ఇనుము కావచ్చు. లేదా ఎప్పుడో అగ్నిప్రమాదంలో కాలి పదును, అంటే ఉక్కు గట్టిదనం, పోయిన దాగలి కావచ్చు. రెండో రకం పైకి ఏమీ తెలియనివ్వదు, అందుకే గోలీ లేకుండా బేరానికి వెళ్లొద్దు. మధ్యలో, అంచుల దగ్గర, రంధ్రాల పక్కన, ఇలా నాలుగైదు చోట్ల వేసి చూడండి. ఒక్కచోటే చప్పగా ఉంటే అక్కడ పలక ఊడుతోందేమో. కొమ్ముకీ చదునుకీ మధ్య ఈ చిన్న మెట్టు మీద గోలీ లేవకపోతే మాత్రం కంగారు పడకండి. అది కావాలనే మెత్తగా ఉంచింది, ఉలితో ఇనుము కోసుకోడానికి.

శబ్దాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అమెరికాలో ట్రెంటన్ ఊళ్లో తయారైన ఫిషర్ దాగలి అసలు మోగదు. ఒళ్లు పోత ఇనుము, పైన ఉక్కు పలక. గోలీ మాత్రం బాగానే ఎగురుతుంది. పక్కన గద్ద బొమ్మ కనిపిస్తే అదే. మోగలేదని దాన్ని వదిలేసినవాళ్లను తలచుకుంటే నాకు జాలేస్తుంది. మరోవైపు స్వీడన్‌ సోడర్‌ఫోర్స్, కోల్స్‌వా దాగళ్లు పోత ఉక్కువి. వాటి మోతకు చెవులు మూసుకోవాల్సిందే.

[టార్చిలైటు పక్కనుంచి వాలుగా. తుప్పు మీద సుద్దముక్క రుద్దుతున్న చెయ్యి.]

ఇప్పుడు పేరు వెతుకుదాం. వైరు బ్రష్‌తో తుప్పు దులిపి, సుద్ద రుద్ది, లైటు వాలుగా వేయండి. అక్షరాలు లేచి కనిపిస్తాయి. గ్రైండరు జోలికి మాత్రం పోవద్దు. ఇంగ్లండ్‌లో డడ్లీ నుంచి వచ్చిన పీటర్ రైట్ దాగళ్లకు పాదాల మీద ముందూ వెనకా చిన్న చదును మెట్టు ఉంటుంది. పేరు చెరిగిపోయినా ఆ మెట్టు పట్టిస్తుంది. పేరు పక్కన ఇంగ్లండ్ అని కూడా ఉంటే సాధారణంగా 1890 తర్వాతదే. సరుకు ఏ దేశానిదో గుర్తు వేయాలని ఆ ఏడాది అమెరికా చట్టం తెచ్చింది మరి. చదును మీద గుండ్రటి రంధ్రం లేకుండా నలుచదరం రంధ్రం ఒక్కటే ఉంటే ఇంకా పాతది కావచ్చు.

[స్క్రీన్ మీద అంకెలు: 1 · 2 · 8]

ఇవి దాగలి మీద ముద్ర వేసిన బరువు అంకెలు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 128 అని చదివేస్తారు, కొందరు కిలోలు అని కూడా అనేస్తారు. పాత ఇంగ్లిష్ లెక్కలో మొదటి అంకెను 112తో, రెండోదాన్ని 28తో హెచ్చవేసి, మూడోదాన్ని అలాగే కలపాలి. 112, 56, 8 కలిపితే 176 పౌండ్లు, అంటే దాదాపు 80 కిలోలు. రెండో అంకె మూడు దాటదు, మూడోది 27 దాటదు. దాటితే అది ఈ లెక్క కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చేసిన హే-బడెన్ లాంటివాటికి నేరుగా పౌండ్లే ఉంటాయి.

తర్వాత కాటా మీద పెట్టండి. ముద్ర బరువు కన్నా ఒకటి రెండు పౌండ్లు తగ్గితే ఫర్వాలేదు. బాగా తగ్గిందంటే ఎవరో అరగదీశారనో, ముక్క విరిగిందనో అర్థం. అద్దంలా మెరిసే చదును కనిపిస్తే నాకు అనుమానమే. సరిచేస్తున్నామనుకుని మెషీన్ మీద ఎక్కించి, ఉన్న పలకనే పల్చన చేసేస్తారు. అంచులకు వెల్డింగ్ పెట్టినా అంతే. ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు పదును పోవచ్చు.

ధర ఎలా కట్టాలి? బరువుకు ఇంత అని మొదలుపెట్టండి. గోలీ బాగా లేస్తే, మంచి పేరుంటే పెంచండి. తోక (కొమ్ముకు ఎదురు చివర) విరిగినా, పలక పగిలినా బాగా తగ్గించండి. మధ్యలో కొద్దిపాటి గుంట ఉంటే తగ్గించమని నేను అడగను, వంగిన కడ్డీని సరిచేయడానికి అదే సుఖం. అంచులు అక్కడక్కడా పెచ్చులూడినా పర్లేదు, బాగున్న అంచు నాలుగు అంగుళాలుంటే పని నడుస్తుంది. ఇంకో మాట, అమ్మేవాళ్లు అడిగే ధరలతో పోల్చుకోకండి, అమ్ముడుపోయిన ధరలు చూడండి.

[ఇద్దరు కలిసి దాగలిని పక్కకు దొర్లిస్తున్నారు.]

చివరగా అడుగు చూడండి. క్యాప్సూల్ మాత్రలా కోలగా గుంట ఉంటే ట్రెంటన్ ముద్ర దాగలి కావచ్చు. ఇది ఫిషర్ ఊరి సరుకు కాదు, ఒహాయో కొలంబస్‌ది. పేరు చూసి తికమకపడొద్దు. సరే, తిరిగి నిలబెడదాం. కింద వేళ్లు లేకుండా చూసుకోండి.