లెక్క చెప్పాకే ఊరు దాటాలి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. నా గురించి అధ్యక్షులు చెప్పినదాంట్లో సగం అభిమానం. ఉద్యోగమంతా పురపాలక సంఘాల్లాంటి స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే లోకల్ ఫండ్ ఆడిట్‌లో చేసినవాణ్ణి కదా, ఎవరైనా పొగిడితే ముందు వోచర్ ఎక్కడుందా అని వెతుక్కుంటాను.

మధ్యయుగ ఇటలీ నగర రాజ్యాల పాలన గురించి మాట్లాడమన్నారు. వెనిస్, ఫ్లోరెన్స్, జెనోవా, పీసా చాలా ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళను. సియెనా ఒక్కటే చెబుతాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

సియెనాలో 1287 నుంచి 1355 దాకా ‘తొమ్మిదిమంది’ అనే మండలి పాలించింది. ఎక్కువగా వర్తకులు, బ్యాంకర్లు. పెద్ద పెద్ద ప్రభువంశాల వాళ్ళకి అందులో చోటు లేదు. పదవీకాలం రెండు నెలలు. ఆ రెండు నెలలూ నగర భవనంలోనే కాపురం, పని మీద తప్ప గడప దాటకూడదు. దిగిపోయాక వెంటనే మళ్ళీ ఎక్కడానికి లేదు. రెండు నెలల్లో ఏం పాలిస్తారండీ అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. రెండు నెలల్లో తినడానికి మాత్రం ఎంత వీలవుతుంది, అదీ చూడండి.

వీళ్ళు కాక ‘పొడెస్టా’ అని ఒకాయన ఉండేవాడు. న్యాయం, శాంతిభద్రతలు ఆయనవి. ఆయన ఆ ఊరివాడు కాకూడదు, పరాయి నగరం నుంచే రావాలి. తన న్యాయమూర్తుల్ని, నోటరీల్ని, భటుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. ఆర్నెల్లో ఏడాదో ఉంటాడు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో విందులకు వెళ్ళకూడదని ఇలాంటి నగరాల చట్టాల్లో రాసుకున్నారు. గడువు తీరగానే పెట్టె సర్దుకుని పోవడానికి లేదు. కొన్నాళ్ళు అక్కడే ఆగాలి. అధికారం ఉండదు, మనిషి మాత్రం ఉండాలి. ఆయన మీద ఎవరికి ఫిర్యాదున్నా అప్పుడు వచ్చి చెప్పుకోవచ్చు. విచారణ అవుతుంది, తప్పు తేలితే జరిమానా కట్టాలి. దీన్ని ‘సిందకాతో’ అనేవారు.

ఇదిగో, ఇక్కడ ఆగుతాను. క్షమించాలి, ఆగకుండా ఉండలేను.

ఒక పురపాలక సంఘం, పేరు వద్దు. పంప్‌హౌస్ మోటారు ఒకటి పాతబడిందని వేలం వేసి అమ్మేశారు. స్టాక్ రిజిస్టర్లో కొట్టివేత ఉంది, వేలం డబ్బు జమ కూడా అయింది. అంతవరకూ సలక్షణంగా ఉంది. తర్వాత కొన్ని నెలలకు అదే నంబరు మోటారుకి రీవైండింగ్ చేయించినట్టు బిల్లు! రాగి తీగ ఇంత, కూలి ఇంత, ఆటో కిరాయి ఇంత. అమ్మేసిన మోటారు ఆటో ఎక్కి వచ్చి రీవైండింగ్ చేయించుకుని వెళ్ళిందన్నమాట. సంజాయిషీ అడుగుతూ హాఫ్ మార్జిన్, అదే ఆడిట్ అభ్యంతరం చీటీ, రాశాను. జవాబు లేదు. ఈలోపు ఆ ఆఫీసు పెద్దాయనకి బదిలీ అయింది. సాయంత్రానికల్లా రిలీవ్, చేతిలో ఎల్పీసీ, అంటే ఆఖరి జీతం ధ్రువపత్రం, మెడలో పూలదండ. కొత్తగా వచ్చినాయన ‘ఇది నా హయాంలోది కాదండీ’ అన్నారు. నిజమే, ఆయన తప్పేముంది! నా అభ్యంతరం రాసిన పేరా మాత్రం ఏటా ఆడిట్ నివేదికలో ‘పెండింగు’ అని అచ్చవుతూనే ఉంది. నేను రిటైరయ్యాను, అది కాలేదు.

చెప్పండి, ఇక్కడ ఎంతమంది ఆడిట్ పేరాలు అలా వదిలేసిన ఆఫీసుల్లో పనిచేశారు? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

సరే, సియెనాకి వద్దాం. ఖజానా కార్యాలయం పేరు ‘బిక్కెర్నా’. దానికి ఒక కోశాధికారి, కింద నలుగురు అధికారులు, ఆర్నెల్లకోసారి మార్పు. కోశాధికారిగా తరచూ సాన్ గల్గానో మఠం సన్యాసిని పెట్టేవారు. పెళ్ళాం పిల్లలు లేరు, సొంత ఆస్తి లేదు, బావమరిది కాంట్రాక్టరు కాదు. ఆర్నెల్ల లెక్కల పుస్తకానికి చెక్క అట్ట వేసి దానిమీద బొమ్మ గీయించేవారు. మిగిలినవాటిలో పాతది 1258 నాటిది. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టుబట్టి సియెనా దస్త్రాల భవనానికి తీసుకెళ్ళమన్నాను. ఆ అట్ట మీద ఉగో అనే సన్యాసి తెల్లని అంగీలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, ముందు పద్దు పుస్తకం తెరిచి ఉంది. దేవుడి బొమ్మ కాదు, రాజుగారి బొమ్మ కాదండీ, లెక్కలు రాసేవాడి బొమ్మ! అమ్మాయి బయట మంచి చర్చి ఉంది రమ్మంటోంది. నేను కదలలేదు.

అంబ్రోజో లొరెంజెత్తి 1338, 39లలో ఆ తొమ్మిదిమంది కూర్చునే గది గోడల మీద సుపరిపాలన, దుష్పరిపాలన చిత్రాలు వేశాడు. ఒక గోడ మీద కొమ్ములున్న నిరంకుశుడు, కాళ్ళ దగ్గర కట్టిపడేసిన న్యాయదేవత. పాలించేవాళ్ళు తలెత్తితే అదే కనిపించాలి. ఇంకో ముచ్చట. అక్కడి పెద్ద గంట స్తంభానికి ‘మాంజా’ పేరు ఒక గంట కొట్టేవాడి వల్ల వచ్చింది. వాడి మారుపేరు ‘సంపాదన తినేసేవాడు’. నాకైతే కడుపు నిండిపోయింది.

1309, 10లలో చట్టాల పుస్తకాన్ని లాటిన్ నుంచి జనం భాషలోకి రాయించారు, లాటిన్ రాని పేదలు కూడా చూసుకోవాలని. పెద్ద అక్షరాలతో, చదవడానికి వీలుగా రాయాలని ఆజ్ఞ. దీని మీదే ఒక గంట మాట్లాడగలను.

అంతా బాగుందని చెబితే నేను ఆడిటర్నే కాదు. ఆ తొమ్మిదిమందీ తిరిగి తిరిగి కొన్ని కుటుంబాలవాళ్ళే. ప్రభుత్వానికి అప్పిచ్చి వడ్డీ తీసుకునేదీ ఆ వర్గమే, ఆ వడ్డీ కట్టడానికి సరుకుల మీద పన్ను వేసేదీ ఆ వర్గమే. 1348లో ప్లేగు వచ్చి ఊరిని తుడిచిపెట్టింది. 1355లో చక్రవర్తి నాలుగో చార్లెస్ ఊళ్ళోకి రాగానే ప్రభువంశాలు, సామాన్యులు కలిసి తిరగబడి ఈ పాలనని దించేశారు. బయటివాడి లెక్క నిక్కచ్చిగా చూశారు, తమ గుంపు లెక్క తామే చూసుకున్నారు. అదీ నా అభ్యంతరం, హాఫ్ మార్జిన్‌లో రాసుకోండి.

కార్యదర్శి గారు చీటీ పంపారు, టీ చల్లారిపోతోందట. ఒక్క నిమిషం. మన ఊరి పురపాలక సంఘం గత మూడేళ్ళ ఆడిట్ నివేదికలు, వాటికి ఇచ్చిన జవాబులు కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తులు తయారుచేసి తెచ్చాను. తెలుగులోనే ఉన్నాయి. గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను. టీ తాగి వెళ్ళేముందు ఎవరి పేరుతో వాళ్ళు ఒకటి సంతకం పెట్టండి. చిరునామా కింద పిన్‌కోడ్ మరిచిపోకండి.