టీ మంచిదే, మరి అన్నం తినగానే తాగే టీ సంగతేంటి?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక జనరల్ ఫిజీషియన్, ఒక డైటీషియన్, ఒక టీ కొట్టు యజమాని. మధ్యలో ఫోన్‌లో ఒక ప్రేక్షకురాలు.)

యాంకర్: నమస్తే. పొద్దున్నే టీ పడకపోతే తల పట్టేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఒకరేమో టీ అమృతం అంటారు, ఇంకొకరు విషం అంటూ వీడియోలు పెడతారు. డాక్టర్ గారూ, సూటిగా చెప్పేయండి, మంచిదా కాదా?

డాక్టర్: మంచిదే అండి. బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందిని పదేళ్ళకు పైగా గమనించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో ఎక్కువమంది తాగేది మనలాగే బ్లాక్ టీ, అంటే మామూలు నల్ల టీపొడితో చేసేది. రోజుకు రెండు కప్పులు, ఆపైన తాగేవాళ్ళలో మరణాల ముప్పు అసలు తాగనివాళ్ళ కంటే 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. అదంతా టీ పుణ్యమే అని తేల్చెయ్యలేం, వాళ్ళ తిండి, నడక, మిగతా అలవాట్లు కూడా ఉంటాయి కదా. అయినా విషం అనే మాటకు మాత్రం అందులో ఎక్కడా ఆధారం లేదు.

యాంకర్: వాళ్ళు తాగేదీ మనం తాగేదీ ఒకటేనా? మనది పాలు, చక్కెర వేసి తెగ మరిగించేది.

డైటీషియన్: అసలు చిక్కు అక్కడే ఉంది. ఆకు మాత్రం ఒకటే, గ్రీన్ టీ అయినా బ్లాక్ టీ అయినా ఒకే మొక్క నుంచి వస్తాయి, కోసిన ఆకుని గాలికి ఎంతవరకు మాగనిచ్చారన్నదే తేడా. గుండెకీ రక్తనాళాలకీ మేలు చేస్తాయనే పాలీఫినాల్స్ రెంటిలోనూ ఉంటాయి. కాబట్టి ఖరీదైన గ్రీన్ టీ డబ్బా కొనలేకపోతున్నామని ఎవరూ బాధపడక్కర్లేదు. ఆ ఆకుని మనం ఏం చేస్తున్నాం అన్నది చూసుకోవాలి.

టీ కొట్టు యజమాని: మేడమ్, నేనొకటి చెప్తా. నేను తెల్లవారకముందే డికాషన్ పెట్టి, మూత చుట్టూ గుడ్డ బిగించి సన్న సెగ మీద ఉంచుతాను. పాలు వేరే గిన్నెలో చిక్కబడుతుంటాయి. మొదటి డికాషన్ ఎర్రగా, మంచి వాసనతో వస్తుంది. అదే పొడి మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి మరిగిస్తే మాత్రం వగరెక్కిపోతుంది, ఆ వగరు నాలుకకి తెలియకూడదంటే చక్కెర దండిగా వేయాల్సిందే. నా దగ్గర కూడా గ్లాసుకి చెంచాన్నర పడుతుంది, తగ్గిస్తే చప్పగా ఉందంటారు.

డైటీషియన్: చెంచాన్నర అంటే దాదాపు 7 గ్రాములు. రోజుకి నాలుగు టీలు తాగితే 28 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది, మనకి ఆ నాలుగు టీలతోనే అది దాటిపోతోంది. దాంతో పాటు నంజుకునే బిస్కెట్లు నేను లెక్కే వేయలేదు.

యాంకర్: గుంటూరు నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్తే అండి. నాకు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశారు. హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది. మూడు నెలలుగా వేసుకుంటున్నా ఏమంత పెరగలేదు.

డాక్టర్: మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?

ప్రేక్షకురాలు: పొద్దున టిఫిన్ చేశాక, టీతో పాటే వేసేసుకుంటాను సార్. లేకపోతే మర్చిపోతాను.

డాక్టర్: అమ్మా, కారణం అదే అయ్యుండొచ్చు. టీలో వగరునిచ్చే టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఇక పేగులు దాన్ని సరిగా లోపలికి తీసుకోలేవు. తోటకూర, రాగులు, పప్పులు, వీటి నుంచి వచ్చే ఐరన్ మీద ఈ దెబ్బ మరీ ఎక్కువ, భోజనంతో టీ తాగిస్తే ఒంటికి పట్టే ఐరన్ సగానికి పైగా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. మీరు మాత్ర మంచినీళ్ళతో గానీ నిమ్మరసంతో గానీ వేసుకుని, టీ కనీసం రెండు గంటలు ఆగి తాగండి. నెల తర్వాత మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ రక్తపరీక్ష చేయించుకోండి, అప్పటికీ పెరగకపోతే వేరే కారణం వెతకాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు కూడా టీతో అస్సలు వేసుకోవద్దు.

డైటీషియన్: ఇది ఆమె ఒక్కరి సమస్య కాదండి, నాకు చాలా బాధగా ఉంటుంది ఈ విషయంలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇళ్ళలో చూడండి, అందరికీ వడ్డించి, చివర్లో ఏదో ఇంత తిని, వెంటనే ఒక టీ పెట్టుకుని కూర్చుంటారు, వాళ్ళకి దొరికే విశ్రాంతి అదొక్కటే. ఆ టీ మానేయమని నేను చెప్పను, ఒక గంట వెనక్కి జరపమంటాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దనే ఉంది.

యాంకర్: పాల సంగతి? పాలు కలిపితే టీ గుణం పోతుందంటారు.

డైటీషియన్: ఆ మార్గదర్శకాలు పాలు లేని టీకే మొగ్గు చూపాయి.

డాక్టర్: నేను అంత గట్టిగా చెప్పను. ఆ బ్రిటన్ అధ్యయనంలో పాలు కలిపినా కలపకపోయినా ఫలితం ఒకేలా వచ్చింది. పాల కన్నా ముందు చక్కెర తగ్గించుకోండి. ఇంకోటి, పొగలు కక్కుతుంటే ఊదుకుంటూ తాగేస్తారు, 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లోనే చెప్పింది. నాలుగు నిమిషాలు ఆగితే పోయేదేం లేదు. నిద్ర పట్టనివాళ్ళు సాయంత్రం ఆరు తర్వాత మానేయాలి, కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది.

యాంకర్: అన్నా, మీ బేరం తగ్గిపోతుందని భయం లేదా?

టీ కొట్టు యజమాని: ఎందుకు తగ్గుద్ది సార్? చక్కెర తక్కువ కావాలని అడిగితే వెంటనే వేరే పోసిస్తాం. అడిగేవాళ్ళే ఉండరు. రేపట్నుంచి చక్కెర విడిగా పెడతా, ఎవరికి కావాల్సినంత వాళ్ళు కలుపుకుంటారు.

ప్రేక్షకురాలు: సార్, మా పాపకి ఎనిమిదేళ్ళు. తనకీ పొద్దున టీలో బిస్కెట్ ముంచి ఇస్తున్నాను, ఇవ్వొచ్చా?

డాక్టర్: వద్దమ్మా. పాలు ఇవ్వండి, ఆకలేస్తే ఇడ్లీ పెట్టండి. ఆ వయసులో పాపకి కూడా ఐరన్ చాలా ముఖ్యం.