బూటు కొన దాటిన గీత

శ్రోతలకు నమస్కారం.

నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే సూదిలో దారం ఎక్కించమంటే మన వల్ల అవుతుందా? బయాథ్లాన్ అనే ఆటలో అడిగేది ఇంచుమించు అదే. వీపున కనీసం మూడున్నర కిలోల బరువుండే రైఫిల్. కాళ్లకు స్కీలు, చేతుల్లో కర్రలు. మంచు దారిలో ఎత్తులెక్కుతూ పల్లాలు దిగుతూ పరుగు. ఆ పరుగు మధ్యలో ఆగి, 50 మీటర్ల దూరంలో ఉన్న ఐదు నల్లటి బిళ్లలను ఐదు తూటాలతో కొట్టాలి. 50 మీటర్లంటే, క్రికెట్ పిచ్‌లు రెండున్నర వరసగా పరిచినంత. పడుకుని కాల్చేటప్పుడు ఆ బిళ్ల 45 మిల్లీమీటర్లు, నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, టీ కప్పు కింద పెట్టే సాసరు కంటే చిన్నది. నిలబడి కాల్చేదే కష్టం. కాళ్లు వణుకుతుంటాయి, గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం కొన కదులుతుంది. పైగా గాలి ఒకటి.

ఈ ఆటలో కొన్ని పోటీల్లో ఒకరి తర్వాత ఒకరిని వదులుతారు. ఎవరు గెలిచారో చివర్లో గడియారం చూసి లెక్క కట్టుకోవాలి. మాస్ స్టార్ట్ అలా కాదు. 30 మంది ఒకేసారి బయలుదేరతారు, ముందొచ్చినవాడే విజేత. ఒలింపిక్స్‌లోకి ఇది 2006లో, ఇటలీలోని టురిన్‌లో వచ్చింది. పురుషులకు 15 కిలోమీటర్లు, ఐదు చుట్లు. మధ్యలో నాలుగుసార్లు కాల్చాలి. మొదటి రెండుసార్లు పడుకుని, తర్వాతి రెండుసార్లు నిలబడి. గురి తప్పిన ప్రతి తూటాకూ 150 మీటర్ల పెనాల్టీ చుట్టు తిరిగి రావాలి. అక్కడ ఇరవై సెకన్లకు పైనే పోతాయి. ముందున్నవాడు రెండు తూటాలు పోగొట్టుకున్నాడంటే, వెనక ఉన్నవాళ్లు అతని కళ్ల ముందే దాటి వెళ్లిపోతారు.

ఒక మాట చెప్పాలి. కళ్లు మూసుకుని కూడా ఈ ఆటను అనుభవించవచ్చు. తూటా తగలగానే నల్ల బిళ్ల మీద తెల్ల మూత పడుతుంది, జనం ‘హేయ్’ అని అరుస్తారు. తప్పితే ‘ఓహ్’ అని ఒక నిట్టూర్పు. ఐదు అరుపులు వరసగా వినిపించాయంటే ఎవరో ఒక్క పెనాల్టీ కూడా లేకుండా బయటపడ్డారన్నమాట. రేడియోకు ఇంతకంటే అనువైన ఆట ఏముంటుంది చెప్పండి!

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఫ్రాన్స్‌కు చెందిన మార్టిన్ ఫుర్కాద్ ఈ తరంలో మహా గొప్ప ఆటగాడు. కానీ మాస్ స్టార్ట్ మాత్రం ఆయన్ని ఏడిపించింది. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో, 21 ఏళ్ల వయసులో, రెండో స్థానం. సరే, కుర్రాడు, అదీ గొప్పే అనుకున్నారు. 2014లో రష్యాలోని సోచికి వచ్చేసరికి అప్పటికే రెండు స్వర్ణాలు గెలిచి ఊపు మీద ఉన్నాడు. పొగమంచు వల్ల ఆ రేసు రెండుసార్లు వాయిదా పడి చివరికి ఫిబ్రవరి 18న జరిగింది. నార్వే ఆటగాడు ఎమిల్ హెగ్లె స్వెండ్సెన్ ముందున్నాడు. గెలిచేశాననుకుని గీత దాటకముందే చేతులు పైకెత్తేశాడు. వెనక నుంచి ఫుర్కాద్ కాలు ముందుకు చాపి దూసుకొచ్చాడు. ఫొటో చూస్తే గాని తేలలేదు. తేలింది స్వెండ్సెన్‌కే. తొందరపడి సంబరం చేసుకున్నా బతికిపోయాడు!

సరిగ్గా నాలుగేళ్లకు, 2018లో అదే ఫిబ్రవరి 18న, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్. రాత్రి వేళ, దీపాల వెలుగులో రేసు. ప్రారంభోత్సవంలో ఫ్రాన్స్ జెండా పట్టుకుని నడిచినవాడు ఫుర్కాదే. అందరి కళ్లూ అతని మీదే. ఆఖరి చుట్టులో అతని పక్కన మిగిలినవాడు జర్మనీకి చెందిన సిమోన్ షెంప్. ఆ రోజు ఫుర్కాద్ గురి రెండుసార్లు తప్పింది, షెంప్‌ది ఒక్కసారే. అంటే షెంప్ కంటే ఫుర్కాద్ 150 మీటర్లు ఎక్కువ తిరిగాడు. తిరిగి కూడా చివరి మలుపులో ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ వచ్చారు. ఈ రేసు గురించి మాట్లాడేవాళ్లంతా ఆఖరి వంద మీటర్లే చెబుతారు. నాకు మాత్రం ఆ ఒక్క అదనపు చుట్టే గొప్పగా అనిపిస్తుంది. పోగొట్టుకున్న ఆ ఇరవై చిల్లర సెకన్లను అతను ఎన్ని ఎత్తుల మీద, ఎంత ఊపిరి ఖర్చుపెట్టి కూడబెట్టుకున్నాడో!

గీత దగ్గర ఇద్దరూ కాళ్లు చాపారు. ముందు ఎవరి బూటు కొన దాటితే వారిదే గెలుపు. గడియారం చూస్తే ఇద్దరికీ ఒకటే సమయం, పదో వంతు సెకను కూడా తేడా లేదు. ఓడిపోయాననుకున్నాడు ఫుర్కాద్. సోచి మళ్లీ గుర్తొచ్చి ఉంటుంది. కోపం పట్టలేక చేతిలోని కర్రను మంచుకేసి కొట్టాడు. ఇంతలో ఫొటో వచ్చింది. ముందున్నది అతని బూటే.

దానితో అతని ఒలింపిక్ స్వర్ణాలు నాలుగయ్యాయి. 1968లో గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన తమ దేశపు స్కీయింగ్ వీరుడు జాన్ క్లోద్ కిల్లీని దాటేశాడు. రెండు రోజుల్లోనే, ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే జట్టుగా ఆడే మిక్స్‌డ్ రిలేలో ఐదోదీ వచ్చింది. ఇక ఆ రేసులో మూడో స్థానం ఎవరిదనుకున్నారు? స్వెండ్సెన్‌దే! ఈసారి అతను పదకొండు సెకన్ల వెనక నుంచి, ఎవరి కాలు ముందు పడిందో చూస్తూ వచ్చాడు.

అన్నట్టు, వాంకూవర్ సంగతి మిగిలిపోయింది. 2010లో ఫుర్కాద్ కంటే ముందు వచ్చిన రష్యా ఆటగాడు ఎవ్‌గెనీ ఉస్త్యుగోవ్ డోపింగ్ కేసులో చిక్కుకున్నాడు. ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచి, 2025లో అతని అప్పీలును కొట్టేశారు. ఆ స్వర్ణం ఫుర్కాద్ పేరుకు మారింది. గీత దాటిన పదిహేనేళ్లకు, ఆట నుంచి తప్పుకున్న అయిదేళ్లకు. ఈసారి కాలు చాపే పని కూడా పడలేదు.

సెలవు, నమస్కారం.