రోమ్‌లో కూర్చుంటే డబ్బులు

శ్రోతలకు నమస్కారం.

“కూర్చోకండి ఆంటీ!”

రోమ్ నగరంలో నాకు తెలుగులో దొరికిన మొదటి సలహా ఇది. చెప్పింది గుంటూరు అమ్మాయి. ఇటలీలో ఎమ్మెస్సీ చదువుతోంది, సెలవులకు రోమ్ చూద్దామని వచ్చి, నేను దిగిన హాస్టల్‌లోనే దిగింది. ఎనిమిది మంచాల గది. కింది మంచం నాది, నా పైమంచం ఆ అమ్మాయిది. ఇద్దరం పొద్దున్నే కాఫీ తాగుదామని వీధిలోకి వెళ్లాం. నేను అలవాటు ప్రకారం కుర్చీ లాక్కోబోయాను. అప్పుడు వినపడింది, “కూర్చోకండి ఆంటీ!”

నేను ముప్ఫై ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని. కూర్చోవడం నా వృత్తి. కూర్చోవద్దని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ అమ్మాయి నన్ను కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి, గోడ మీద ధరల పట్టిక చూపించింది. ఒకే కాఫీ, రెండు ధరలు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. నిలబడితే 1 యూరో 30 సెంట్లు. కూర్చుంటే మూడున్నర. యూరో అంటే వంద రూపాయలనుకోండి, లెక్క తేలిక. కుర్చీ ఖరీదు రెండు వందల పైచిలుకన్నమాట.

అంతకుముందు రోజే నేనొక పేరున్న కూడలిలో, ఫౌంటెన్ ఎదురుగా, గొడుగు కింద దర్జాగా కూర్చుని కాపచ్చీనో తాగాను. ఎక్కడో చెప్పను. బిల్లు ఎంతో కూడా చెప్పను, మా ఆయన ఈ ప్రసంగం వింటున్నారు.

ఈ పదిహేను నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నది ఇదే. తక్కువ డబ్బుతో రోమ్ చూడాలనుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. రోమ్‌లో నడిస్తే ఖర్చు లేదు. నిలబడితే ఖర్చు తక్కువ. కూర్చుంటే డబ్బులు.

ఆ కౌంటర్‌ని వాళ్లు బాంకో అంటారు. మన బ్యాంకు అన్న మాట పుట్టింది ఆ ఇటాలియన్ బల్లలోంచే. పూర్వం డబ్బులు మార్చేవాళ్లు వీధిలో బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు, ఆ బల్ల పేరే చివరికి వ్యాపారం పేరయింది. ముప్ఫై ఏళ్లు ఆ బల్లకి ఇటు కూర్చున్నాను, ఇప్పుడు అటు నిలబడ్డాను. చాలా కాఫీ బార్లలో ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, రసీదు తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి. కఫ్ఫే అని మాత్రమే అంటే చిన్న కప్పులో అడుగున చిక్కటి కాఫీ ఇస్తారు. మన గ్లాసు కాఫీని తలుచుకుని బాధపడకండి. రెండు గుక్కలు, అయిపోయింది, పదండి. ఊరంతా అలా నిలబడే తాగి ఆఫీసులకు పోతుంది. రోమ్ వాళ్లు చేసే పనే మనమూ చేస్తే చవక.

ప్రయాణం సంగతులు త్వరగా చెప్పేస్తాను. వీసా షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా, ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. నేను నవంబరులో వెళ్లాను. అప్పుడప్పుడూ వాన, కానీ ఎండ లేదు, హాస్టల్ మంచం చవక. మంచం అద్దె కాక మనిషికింత, రాత్రికింత అని నగరపాలక సంస్థ పన్ను ఉంటుంది, అది హాస్టల్‌లో విడిగా కట్టించుకుంటారు, మోసమనుకుని గొడవపడకండి. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి పెద్ద స్టేషన్ తెర్మినీకి నేరుగా వెళ్లే రైలు నేను వెళ్లినప్పుడు 14 యూరోలు. అదే విమానాశ్రయం నుంచి మామూలు ప్యాసింజరు రైలు 8 యూరోలే. అది తెర్మినీకి పోదు, త్రస్తేవెరే అనే స్టేషన్ మీదుగా ఇంకోవైపు పోతుంది, అక్కడ దిగి ట్రామో బస్సో ఎక్కాలి. బస్సు టికెట్లు పొగాకు కొట్టులో అమ్ముతారు, గుమ్మం పైన పెద్ద టి అక్షరం ఉంటుంది. టికెట్ కొంటే చాలదు, బస్సులో మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. జేబులో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టిన వాళ్లు మా గదిలోనే ఇద్దరున్నారు.

తిండికి బాధ లేదు. పిజ్జా తూకానికి అమ్ముతారు. పొడుగాటి రేకులో కాల్చి పెట్టుకుంటారు, ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంత కోసి తూచి ఇస్తారు. బంగాళాదుంప వేసినది నాకు ఇష్టం. తెర్మినీ పక్కన ఎస్క్విలీనో పేటలో పెద్ద బజారుంది, అక్కడ బంగ్లాదేశ్ వాళ్ల కొట్లు. బియ్యం, కందిపప్పు, పచ్చిమిరపకాయలు, అన్నీ దొరికాయి. హాస్టల్ వంటింట్లో నేను పప్పు వండితే గదిలో ఉన్న బ్రెజిల్ పిల్లలిద్దరూ గిన్నె ఖాళీ చేశారు.

ఇక నీళ్లు. నీళ్ల సీసా కొనకండి. మళ్లీ చెబుతున్నాను, నీళ్ల సీసా కొనకండి. ఇంటి నుంచి ఖాళీ సీసా ఒకటి తీసుకెళ్లండి. రోమ్ వీధుల్లో 2,500 దాకా ఇనప కుళాయిలున్నాయి. నడుమెత్తు స్తంభం, దానికి వంకర తిరిగిన గొట్టం ముక్కులా ఉంటుంది. అందుకే వాటిని నాసోనే అంటారు, పెద్ద ముక్కు అని. 1874లో మొదలుపెట్టారు. రాత్రీ పగలూ నీళ్లు కారుతూనే ఉంటాయి. మన వీధి కుళాయి చుట్టూ బిందెల యుద్ధాలు చూసి పెరిగినదాన్ని, నాకు మొదట ప్రాణం ఉసూరుమంది, కట్టేద్దామని మర వెతికాను కూడా. మర లేదు. గొట్టాల్లో నీళ్లు నిలవ ఉండి పాడవకుండా అలా వదిలేస్తారట. 2017లో కరువొస్తే మాత్రం చాలా కుళాయిలు కట్టేశారు. తాగడానికి ఒక కిటుకుంది. గొట్టం పైభాగాన చిన్న చిల్లు ఉంటుంది. గొట్టం చివర వేలితో మూస్తే ఆ చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగి తాగడమే. మొదటిసారి నా చీరంతా తడిసింది. రెండోసారి కళ్లజోడు. మూడోసారి కుదిరింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నేను రోమ్ వెళ్లినందుకు ఒక్కటి చెప్పమంటే ఇదే చెబుతాను.

పాంథియన్ అని రెండు వేల ఏళ్ల నాటి గుడి ఉంది కదా, ఇప్పుడది చర్చి. లోపలికి వెళ్లాలంటే 2023 నుంచి టికెట్ పెట్టారు, మొదట్లో 5 యూరోలు. దాని దగ్గరి నుంచి నాలుగడుగులు వేస్తే సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి. ఫ్రెంచివాళ్ల చర్చి. దీనికి టికెట్ లేదు. లోపలికి వెళ్లి ఎడమవైపు నడుస్తూ పోతే చివర్న ఒక చిన్న చీకటి గది. నేను వెళ్లేసరికి పదిమంది దాకా ఆ చీకట్లోకి చూస్తూ నిలబడి ఉన్నారు. ఏమీ కనపడటం లేదు, అయినా ఎవరూ కదలటం లేదు. దేనికోసం చూస్తున్నారో అర్థం కాలేదు.

కాసేపటికి ఒక పెద్దాయన ముందుకొచ్చి, గోడకున్న చిన్న ఇనప్పెట్టెలో నాణెం వేశాడు. టక్కుమని లైటు వెలిగింది. మూడు గోడల మీద మూడు పెద్ద బొమ్మలు. కరవాజ్జో అనే చిత్రకారుడు వేసినవి. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు, అటూ ఇటూగా. 1600 ప్రాంతంలో వేశాడు. ఇవే బొమ్మలు మ్యూజియంలో ఉంటే పదిహేను, ఇరవై యూరోలు పెట్టి, గంట క్యూలో నిలబడి చూసేవాళ్లం. ఇక్కడ, ఏ గోడ కోసం వేశాడో ఆ గోడ మీదే ఉన్నాయి. ఖర్చు ఒక నాణెం. అది కూడా ఇంకెవరో వేశారు.

ఎడమవైపు బొమ్మ గురించి చెబుతాను. ఒక గది. బల్ల చుట్టూ ఐదుగురు మగవాళ్లు, బల్ల మీద డబ్బుల లెక్క. సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు. కుడివైపు నుంచి యేసు లోపలికొచ్చాడు. చెయ్యి చాపి, నువ్వు రా అంటున్నాడు. ఆయన తల మీదుగా వెలుగు ఏటవాలుగా వచ్చి బల్ల దగ్గరున్న ముఖాల మీద పడింది. పిలిచింది మత్తయిని. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి ఆ పిలుపు విని లేచి వెళ్లిపోయాడని కథ. మరి ఆ ఐదుగురిలో మత్తయి ఎవరు? మధ్యలో గడ్డం ఉన్నాయన వేలు చూపిస్తున్నాడు. నన్నేనా అని తన వైపు చూపించుకుంటున్నాడని చాలామంది అంటారు. కాదు, ఆ వేలు చివర్న కూర్చున్న కుర్రవాడి వైపుంది, వీణ్ణా అని అడుగుతున్నాడు, కుర్రవాడే మత్తయి అని ఇంకొందరు. పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ కుర్రవాడు మాత్రం తలెత్తలేదు. తల వంచుకుని, నాణేలు లెక్కపెడుతూనే ఉన్నాడు. గదిలోకి ఎవరొచ్చారో వాడికి తెలియదు.

నా ఓటు వాడికే. నేను పండితురాలిని కాను, క్యాషియర్ని. లెక్క మధ్యలో ఉన్నప్పుడు కౌంటర్ ముందుకి సాక్షాత్తూ దేవుడొచ్చి నిలబడినా తల ఎత్తం. ఎత్తితే లెక్క పోతుంది. నలభై ఏడు, నలభై ఎనిమిది, ఆగండి సార్, నలభై తొమ్మిది. నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషికి ఆ సంగతి తెలుసు. వాడి మెడ వంపు నాకు తెలుసు, అది నా మెడ వంపే, దానికి ఫిజియోథెరపీ కూడా చేయించుకున్నాను.

ఇంకా బాగా చూద్దామని ముందుకి వంగాను. టక్. లైటు ఆరిపోయింది. చీకటి.

పదిమందిమీ ఒకళ్ల ముఖాలొకళ్లం చూసుకున్నాం. అందరూ జేబులు తడుముకున్నారు. చిల్లర లేదు. నా దగ్గర 50 యూరోల నోటుంది. ముప్ఫై ఏళ్లు ఊరందరికీ చిల్లర ఇచ్చినదాన్ని, నా దగ్గర చిల్లర లేదు! బయటికి పరిగెత్తి, కాఫీ తాగి, నోటు మార్చాను. నిలబడే తాగాను లెండి. కొట్టతను ఆ నోటు చూసి ముఖం చిట్లించాడు, ఆ ముఖం కూడా నాకు తెలిసినదే. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం అయింది, చర్చి తలుపు మూసేశారు.

కాబట్టి ఒక్క సలహా. చర్చిలు చాలావాటికి మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలపాటు తలుపులు వేసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యం, జేబులో చిల్లర. 50 సెంట్లవి, 1 యూరోవి, ఓ గుప్పెడు. రోమ్‌లో కార్డు దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది, ఆ ఇనప్పెట్టెలాంటి చోట తప్ప.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఈసారి నేనే వేశాను నాణెం. తర్వాత అక్కడికి దగ్గర్లోనే ఉన్న సాంత్ అగోస్తీనో చర్చికి నడిచాను. అక్కడ కూడా కరవాజ్జోదే ఒక బొమ్మ ఉంది, అక్కడ కూడా టికెట్ లేదు. గుమ్మంలో పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ మరియమ్మ. ఆమె ముందు మోకాళ్ల మీద ఇద్దరు యాత్రికులు, ఒక మగమనిషి, ఒక ముసలావిడ. మగమనిషి పాదాలు మన వైపు తిరిగి ఉంటాయి. మట్టి కొట్టుకుపోయిన అరికాళ్లు. ఆ రోజుల్లో అది చూసి జనం గోల గోల చేశారట. నేను ఆ రోజు పద్దెనిమిది వేల అడుగులు నడిచానని ఫోను చెప్పింది. నా కాళ్ల వైపు చూసుకోబుద్ధి కాలేదు.

కాళ్లు నొప్పి పెడితే ఎక్కడ కూర్చోవాలి? స్పానిష్ మెట్లు అని ఊళ్లో పేరున్న మెట్లున్నాయి, వాటి మీద కూర్చుందామనుకుంటారేమో. వద్దు. 2019 నుంచి అక్కడ కూర్చోకూడదు, 250 యూరోల జరిమానా. చెప్పాను కదా, రోమ్‌లో కూర్చుంటే డబ్బులు. నేను వెతికి పట్టుకున్న ఉచిత కుర్చీలు రెండు. ఒకటి అవెంతీనో గుట్ట మీద నారింజచెట్ల తోట, అక్కడి నుంచి ఊరంతా కనపడుతుంది. రెండోది చర్చిలో బెంచీ. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

చివరి రోజు పర్సు తీసి చూస్తే 4 యూరోల 50 సెంట్ల చిల్లర మిగిలింది. ఇది ఉద్యోగరీత్యా తెలిసిన సంగతి, మన దగ్గర విదేశీ డబ్బు మార్చేవాళ్లు నోట్లు తీసుకుంటారు, నాణేలు తీసుకోరు. మన నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, దాదాపు రెండు వేల ఏళ్ల కిందట వాళ్ల చిల్లర అలా మన వైపు వచ్చేసింది. ఈసారి మన దగ్గరికి తీసుకురావడం ఎందుకని, సంచి భుజాన వేసుకుని మళ్లీ ఆ ఫ్రెంచివాళ్ల చర్చికే వెళ్లాను.

చీకట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, జేబులు తడుముకుంటున్నారు. ఒక నాణెం వేశాను. లైటు వెలిగింది. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఆరిపోయినప్పుడల్లా లేచి ఇంకోటి వేశాను. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. గోడ మీద ఆ కుర్రవాడు తలెత్తకుండా లెక్కపెడుతున్నాడు. ఆఖరి 50 సెంట్లు అయిపోయాక టక్కుమంది. విమానాశ్రయం రైలు ఎక్కాలంటే త్రస్తేవెరే స్టేషన్‌కి 8వ నంబరు ట్రామ్ పట్టుకోవాలి. లేచాను.

నమస్కారం.