రాజపోషకులు ఇవ్వవలసినది ఏమిటి? బ్రిటన్ రాజకుటుంబం, సేవాసంస్థలు, ప్రజల ఎదురుచూపు

సభలోని పెద్దలకు, సేవాసంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేస్తూ ఈ సాయంత్రం వీలు చేసుకుని వచ్చిన కార్యకర్తలకు నమస్కారం.

మన సాహితీ సంస్థల, సేవాసంఘాల కరపత్రాలలో ‘రాజపోషకులు’, ‘మహారాజపోషకులు’ అన్న మాటలు మీరందరూ చూసే ఉంటారు. ఇంత చందా ఇచ్చినవారు పోషకులు, అంతకు మించి ఇస్తే రాజపోషకులు, మరింత ఇస్తే మహారాజపోషకులు. అక్కడ రాజు అన్నది ఇచ్చిన సొమ్ముకు దక్కే గౌరవం. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన ఏర్పాటు ఉంది. అక్కడ రాజపోషకులంటే నిజంగా రాజకుటుంబంలో పుట్టినవారో, ఆ ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వచ్చినవారో. వారు ఆ సంస్థకు ఒక్క పౌండైనా ఇవ్వాలన్న నియమం లేదు. వారు ఇచ్చేది తమ పేరు, వీలైనప్పుడు ఒక పూట సమయం. పేరు మాత్రమే ఇచ్చేవారి నుంచి ప్రజలు ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు అన్నది నేటి నా ప్రసంగ విషయం.

ఈ ఆచారం పాతది. 1751లో రెండవ జార్జి రాజు లండన్‌లోని పురాతత్వ పండితుల సంఘానికి పోషకుడు కావడంతో ఇది మొదలైందని చెబుతారు. పాలించే అధికారం పార్లమెంటు చేతిలోకి జారిపోయిన కొద్దీ రాజకుటుంబం ఆసుపత్రులకు, అనాథాశ్రమాలకు, పాఠశాలలకు దగ్గరైంది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1848లో, యూరప్ అంతటా సింహాసనాలు కదులుతున్న ఏడాదిలో, శ్రామికుల స్థితిగతులను మెరుగుపరిచే సంఘానికి అధ్యక్షుడిగా నిలబడి మాట్లాడాడు. అందులో దయ ఉంది, ముందుచూపూ ఉంది. సరిగ్గా నూరేళ్లకు, 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడి, చందాల మీద నడిచే ఆసుపత్రులు ప్రభుత్వపరమైనప్పుడు రాజకుటుంబానికి ఇక ఈ రంగంలో పని ఉండదని అనుకోవడానికి కారణం ఉండేది. అలా జరగలేదు. సేవాసంస్థలు ఆరోగ్య వ్యవస్థ చేరని మూలలకు విస్తరించాయి, వాటి వెంటే రాజకుటుంబమూ వెళ్లింది.

ప్రజలు రాజకుటుంబం నుంచి సేవను ఆశించడానికి మరొక కారణం డబ్బు. రాజకుటుంబపు అధికారిక విధులకు, భవనాల నిర్వహణకు ప్రభుత్వం ఏటా ఇచ్చే నిధి 2024–25లో 8.63 కోట్ల పౌండ్లు. ప్రధానంగా బకింగ్‌హామ్ భవనం మరమ్మతుల వల్ల అది 2025–26లో 13.21 కోట్లకు పెరిగింది. ఇంత సొమ్ము తీసుకునే కుటుంబం ఎన్నికల్లో నిలబడదు, చట్టాలు చేయదు, బహిరంగంగా పక్షం వహించదు. కాబట్టి వారు మాకేమి చేస్తున్నారని అడిగే సామాన్యుడికి చూపించగలిగిన జవాబులో పెద్ద భాగం సేవే.

ఆ జవాబును లెక్కలో చూపించడం అక్కడ అలవాటైంది. పత్రికలు తప్పులు రాస్తున్నాయని మూడవ జార్జి రాజు 1803లో ప్రారంభించిన ‘కోర్ట్ సర్క్యులర్’ అనే దినచర్య ప్రకటన ఇప్పటికీ వెలువడుతున్నది. ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్లారో అందులో ఉంటుంది. ఏడాది చివర పత్రికలు ఆ వివరాలను కూడి ఎవరు ఎక్కువ కష్టపడ్డారో తేలుస్తాయి. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 2017 ఆగస్టులో విధుల నుంచి విరమించినప్పుడు 1952 నుంచి ఆయన ఒంటరిగా హాజరైన కార్యక్రమాలు 22,219 అని ప్రకటించారు. అప్పటికి ఆయనకు 780కి పైగా సంస్థలతో సంబంధం ఉంది. రాణి ఒక్కరే 600కు పైగా సంస్థలకు పోషకురాలిగా ఉండేవారు. ఆ నిష్ఠ ముందు నేను తలవంచుతాను. అయినా ఒక మనిషి 600 సంస్థలకు పోషకుడైనప్పుడు, ఏడాదికి ఒక్కొక్క దానికి ఒక్క రోజు కేటాయించడం కూడా సాధ్యం కాదన్నది చిన్న పిల్లవాడైనా వేసి చెప్పగల లెక్క.

2020లో ‘గివింగ్ ఎవిడెన్స్’ అనే పరిశోధనా సంస్థ ఈ లెక్కనే వేసింది. రాజపోషకులున్న సేవాసంస్థల్లో 74 శాతానికి అంతకు ముందు ఏడాదిలో తమ పోషకులతో ఒక్క బహిరంగ కార్యక్రమం కూడా జరగలేదని, రాజపోషకత్వం వల్ల సంస్థల ఆదాయం పెరిగిందనడానికి తమకు ఆధారం దొరకలేదని చెప్పింది. దీన్ని చదివి పోషకత్వమంతా వట్టి అలంకారమని తీర్పు చెప్పినవారున్నారు. నేను అంత దూరం వెళ్లను. ముప్పై ఏళ్లుగా ఒక చిన్న ఊళ్లో మరణశయ్య మీద ఉన్నవారికి సేవ చేస్తున్న కార్యకర్త దగ్గరికి రాకుమారి వచ్చి, చేయి కలిపి, ఆమె పని గురించి రెండు ప్రశ్నలు అడిగి వెళితే, ఆ రెండు నిమిషాల విలువ జమాఖర్చుల పుస్తకంలో కనిపించదు. మీలో చాలామందికి ఇది నేను చెప్పనక్కరలేదు. చేస్తున్న పనిని ఎవరో వచ్చి చూశారన్న తృప్తి ఇంకో పదేళ్లు నడిపిస్తుంది. నా అభ్యంతరం పోషకులు రాని చోట్ల గురించి. కాగితం మీద పేరు ఉండి మనిషి ఎన్నడూ రాని చోట, ఇచ్చిన మాట నిలబడలేదనే అనాలి.

ఇక్కడ ఇప్పటి రాజు చార్లెస్ మొదటి భార్య డయానా గురించి కొంత విపులంగా చెప్పాలి. 1987 ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఎయిడ్స్ రోగుల కోసం ప్రత్యేకంగా ఏర్పాటైన విభాగాన్ని ఆమె ప్రారంభించి, చేతికి తొడుగు లేకుండా ఒక రోగితో చేయి కలిపారు. ముట్టుకుంటేనే అంటుకుంటుందని చదువుకున్నవారు కూడా భయపడుతున్న రోజులవి. ఆ ఫొటోలో రోగి ముఖం కనిపించదు. ముఖం చూపిస్తే సంఘంలో బతకలేనని ఆయన భయం. వైద్యులు ఎంతో కాలంగా చెబుతున్న మాటను ఆ ఒక్క కరస్పర్శ జనం దగ్గరికి చేర్చింది. 1989లో ఇండోనేషియాలో కుష్ఠురోగుల ఆసుపత్రికి వెళ్లినప్పుడూ ఆమె అదే చేశారు.

1996లో విడాకుల సమయంలో ఆమె దాదాపు వంద సంస్థల పోషకత్వాన్ని వదులుకుని ఆరింటిని మాత్రమే ఉంచుకున్నారు. ఇల్లులేని యువతకు ఆశ్రయమిచ్చే సెంటర్‌పాయింట్, లెప్రసీ మిషన్, నేషనల్ ఎయిడ్స్ ట్రస్ట్, రాయల్ మార్స్‌డెన్ క్యాన్సర్ ఆసుపత్రి, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి, ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే. మన సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠురోగుల ఆసుపత్రి ఈ లెప్రసీ మిషన్ పరంపరలోనిదే కనుక ఆ జాబితా మనకు మరీ పరాయిది కాదు. ఆమె వదిలేసిన సంస్థల్లో కొన్ని నొచ్చుకున్నాయి, అది న్యాయమే. అయినా మరుసటి ఏడాది జనవరిలో ఆఫ్రికా దేశమైన అంగోలాలోని హువాంబోలో, మందుపాతరలు తొలగిస్తున్న నేలలో ఆమె రక్షణ కవచం తొడుక్కుని నడిచారంటే, తలకు మించిన వంద బాధ్యతలు దించుకున్నందువల్లే ఆ తీరిక, ఆ ధైర్యం వచ్చాయని నా నమ్మకం. అప్పటి ప్రభుత్వంలో రక్షణశాఖ సహాయమంత్రి ఒకరు ఆమెది అదుపు లేని ధోరణి అని విమర్శించారు. సేవ ఎక్కడ ఆగుతుంది, రాజకీయం ఎక్కడ మొదలవుతుంది అన్న చిక్కు అది. కాళ్లు తెగిన పిల్లలను ఓదార్చడం సేవ, ఆ పాతరలను నిషేధించమనడం రాజకీయమా? ఆమె ఆగస్టులో మరణించారు. డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో మందుపాతరల నిషేధ ఒప్పందం మీద దేశాలు సంతకాలు చేశాయి.

ఒక సంస్థతో ఎక్కువ కాలం కలిసి నడిచే మార్గానికి ఉదాహరణ, వార్తల్లో అంతగా కనిపించనిది, చార్లెస్ చెల్లెలు రాకుమారి ఆన్. ఆమె 1970లో ‘సేవ్ ది చిల్డ్రన్’ అనే పిల్లల సేవాసంస్థకు అధ్యక్షురాలయ్యారు, ఆ సంస్థతో ఆమె బంధం అర్ధ శతాబ్దం దాటింది. ఆమె పేరు మీద ఎన్నో ఇతర సంస్థలు ఉన్నా, ఈ ఒక్క సంస్థ పని గురించి అడిగితే కాగితం చూడకుండా మాట్లాడగలరన్న పేరు ఆమెకు దక్కింది.

పోషకుడి పేరు సంస్థకు బలమైనట్లే భారమూ కాగలదు. లైంగిక నేరస్థుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో స్నేహం గురించి చార్లెస్ తమ్ముడు ఆండ్రూ 2019 నవంబరులో ఇచ్చిన టెలివిజన్ ఇంటర్వ్యూ తర్వాత ఆయన పేరుతో ఉన్న సంస్థలు ఒకదాని వెంట ఒకటి దూరం జరిగాయి. 2022 జనవరిలో ఆయన పోషకత్వాలు రాణికి తిరిగి చేరాయి. చార్లెస్, డయానాల చిన్న కొడుకు హ్యారీ, ఆయన భార్య మేఘన్‌ల విషయం వేరు. విధుల నుంచి తప్పుకున్నవారు పోషకత్వాలు ఉంచుకోలేరని 2021 ఫిబ్రవరిలో రాణి ప్రకటిస్తే, సేవ అందరూ చేయగలిగినదేనని ఆ దంపతులు జవాబిచ్చారు. రెండు మాటలూ సరైనవే. ఆ వాదంలో ఎవరూ గట్టిగా అడగనిది, వారితో కలిసి పని మొదలుపెట్టిన సంస్థల మంచి ఏమిటన్నది. ఆఫ్రికా దేశమైన లెసోతోలోని పిల్లల కోసం 2006లో హ్యారీ, ఆ దేశపు రాకుమారుడు సీయిసో కలిసి స్థాపించిన ‘సెంటబాలే’ నుంచి పాలకమండలి తగాదాల నడుమ 2025 మార్చిలో ఇద్దరూ తప్పుకున్నారు. ఆ తగాదాను బజారున పడనిచ్చినందుకు బ్రిటన్ దాతృత్వ సంస్థల నియంత్రణ సంఘం అన్ని పక్షాలనూ తప్పుపట్టింది. నాకు ఎంతో బాధ కలిగించిన ఉదంతం ఇది, ఎందుకంటే ఎయిడ్స్ నీడలో పెరుగుతున్న పిల్లల పేరు చివరికి పెద్దల కలహవార్తల్లో ఒక మూలకు చేరింది.

పోషకుల ధర్మం గురించి ఇంత చెప్పాక ప్రజల ధర్మం గురించీ చెప్పాలి. 2024 మొదటి నెలల్లో చార్లెస్ పెద్ద కోడలు కేట్ శస్త్రచికిత్స తర్వాత బయటికి రాకపోతే, ఆమె ఎక్కడుంది, ఎందుకు కనబడదు, ఏదో దాస్తున్నారు అంటూ లోకమంతా ఊహాగానాలకు దిగింది. మార్చి 22న తనకు క్యాన్సర్ అని ఆమె స్వయంగా చెప్పవలసి వచ్చింది. అప్పటికి ముగ్గురు పిల్లలకు ఆ మాట ఎలా చెప్పాలా అని ఆ తల్లి ఎంత మథనపడిందో ఊహించండి. ప్రభుత్వ నిధి మీద బతుకుతున్నారు కనుక వారి పనిని అడిగే హక్కు మనకుంది, వారి రోగాన్ని అడిగే హక్కు లేదు. అదే ఏడాది రాజు చార్లెస్ తన వైద్యం గురించి తానుగా చెప్పడం వల్ల ఎందరో మగవారు ప్రోస్టేట్ సమస్య గురించి తెలుసుకునేందుకు ముందుకొచ్చారు. అది మేలే, కానీ ఆయన ఇచ్చుకున్న మేలు, మనం గుంజుకున్నది కాదు.

ఆ 2024లోనే రాజకుటుంబం వెయ్యికి పైగా పోషకత్వాలను సమీక్షించి, కొన్నిటిని కొనసాగించి, కొన్నిటికి గౌరవంగా వీడ్కోలు చెప్పింది. కేట్ భర్త విలియం 2005లో తొలి పోషకత్వంగా తీసుకున్న సెంటర్‌పాయింట్ ఆయన తల్లి డయానా ఉంచుకున్న ఆరింటిలో ఒకటి. 2025 జనవరిలో కేట్ రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రికి వెళ్లారు. అదీ ఆ ఆరింటిలోదే, తనకు చికిత్స జరిగినదీ అక్కడే. రోగుల పక్కన కూర్చుని వారి చికిత్స గురించి అడిగి, తన చికిత్స ఎలా సాగిందో వారితో చెప్పుకున్నారు. భర్తతో పాటు ఆ ఆసుపత్రికి ఉమ్మడి పోషకురాలిగా ఆమె పేరును ప్రకటించింది ఆ రోజే.