పాత మ్యాపు మీద 600 అడుగుల గీత
(నల్లగొండలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీరు కొంచెం దగ్గరికి రండి.

ఈ బల్ల మీద పరిచింది సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు. ఇంచికి మైలు లెక్కన గీసిన పాతది. ఈ గోధుమరంగు గీతలు చూడండి. ఒక గీత మీద ఎక్కడ వేలు పెట్టినా సముద్రమట్టం నుంచి ఒకటే ఎత్తు. పక్క గీతకు పోతే 50 అడుగుల తేడా. గీతలు ఒత్తుగా ఉంటే గుట్ట, ఎడంగా ఉంటే చెలక.

ఇప్పుడు కృష్ణ ఒడ్డుకు రండి. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955లో. ఈ షీటు అంతకు ముందుది, అందుకే నది ఇంత సన్నగా ఉంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. షీటులో దానికి దగ్గరి గీత 600 అడుగులది. పెన్సిల్ తీసుకుని ఆ గీత వెంట మెల్లగా పోండి. ప్రతి వాగులోకి దూరాలి, మళ్లీ బయటికి రావాలి, గుట్టలు చుట్టాలి. ఓపిక కావాలి. పూర్తయ్యేసరికి ఇంచుమించు ఇప్పటి జలాశయం కాగితం మీద కనిపిస్తుంది. ఇక ఆ గీత లోపల ఏమేం పడ్డాయో చదవండి: ఊళ్లు, బండ్లబాటలు, బావులు, గుళ్లు. మన ఒడ్డున ఏలేశ్వరం. మునగక ముందు అక్కడ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది, నాగార్జునకొండలో జరిపినట్టే. శివరాత్రికి నీళ్ల మీద పోయి ఏలేశ్వరం గట్టు ఎక్కినవాళ్లు మీలో ఉండే ఉంటారు. చుట్టూ అంతా మునిగి ఆ గట్టు ఒక్కటే ఎట్లా తేలిందో ఈ గీతలు చెప్తాయి. మొదటిసారి నేనిది గీస్తున్నప్పుడు ఊరి పేరు లోపలివైపు పడేసరికి చెయ్యి ఆగిపోయింది.

చెరువుల సంగతి. మన గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు అలుగు దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. పానగల్లులోని ఉదయసముద్రం చెరువు, ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. పాత షీటులో అలుగు దగ్గర మొదలుపెట్టి నీళ్ల దారి చూపే నీలిగీత వెంట కిందికి దిగితే ఆ కాలం వాళ్ల లెక్క అర్థమవుతుంది. వానాకాలం వస్తే ఇండ్లల్లోకి నీళ్లొస్తాయని టెన్షన్ పడే కొత్త కాలనీలను కూడా ఈ షీటు మీద వెతకండి. ఆ నీలిగీత మీదే దొరికేవి తక్కువేం కాదు.

రెవెన్యూ వాళ్లకు బేచిరాగ్ అనే మాట ఉంది. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే మనిషి లేని ఊరు. రికార్డులో పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, ఒక్క గడప ఉండదు. ఒకసారి షీటులో చుట్టుపక్కల ఇండ్లేవీ లేని చోట గుడి గుర్తు కనిపిస్తే వెతుక్కుంటూ పోయాను. బూడిదరంగు మట్టి, కాలు పెట్టిన చోటల్లా కుండపెంకులు. మేకలు కాసే ముసలాయన్ని అడిగితే, "ఇది పాటిగడ్డ సారూ. ఊరు పోయింది, హన్మండ్లు మిగిలిండు" అన్నాడు. గత్తర (కలరా) వచ్చి పోయారా, బావులెండి పోయారా? అది షీటు చెప్పదు. ఆయన చెప్పాడు: వాళ్ల తాత నోట విన్నది, అరగంట సేపు. షీటు లేకపోతే నేను ఆ గడ్డకు పోయేవాణ్ని కాదు, ఆయన లేకపోతే అక్కడ నాకు మట్టి తప్ప ఏమీ కనిపించేది కాదు.

ప్రతి షీటుకూ ఒక నంబరుంటుంది: నల్లగొండ 56 ఓ షీట్లలో, సాగర్ 56 పీలో, నాగర్‌కర్నూల్ 56 ఎల్‌లో వస్తాయి. ఇప్పటి 1:50,000 స్కేలు షీట్లు సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో ఉచితంగా దొరుకుతాయి. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:2,50,000 మ్యాపులను టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది. రెండూ ప్రింట్ తీసుకుని మీ ఊరి చెరువుకట్ట మీద పరవండి. పెద్దమనుషులను పిలిచి కూర్చోబెట్టండి. కుంటల పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో నలిగిపోయి ఉంటాయి, వాళ్ల నోట ఎట్లా వస్తే అట్లానే రాసుకోండి. షీటు మీద మాత్రం రాయొద్దు. పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి దాని మీద రాయండి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే వేయండి.